అబ్గార్ లేఖ: ఎడెస్సాలో క్రైస్తవం కాలనిర్ణయం

ఉత్తర మెసొపొటేమియాలోని ఎడెస్సా (నేటి తుర్కియేలోని ఉర్ఫా) తొలి క్రైస్తవ రాజ్యమని ఒక ప్రతీతి ఉంది. దాని రాజు అబ్గార్ జబ్బుపడి యేసుకు లేఖ పంపాడనీ, యేసు జవాబిచ్చాడనీ, పునరుత్థానం తరువాత ఒక శిష్యుడు వచ్చి రాజును స్వస్థపరచి సువార్త చెప్పాడనీ కథ. దీన్ని నమ్మితే, పౌలు ప్రయాణాలకు ముందే క్రైస్తవం యూఫ్రటీసు దాటిందనాలి. అంత పెద్ద మాటకు ఆధారం ఎంతటిదో చూడవలసి ఉంది.

1. ఈ కథకు మనకు దొరికే తొలి సాక్షి యూసేబియస్. 4వ శతాబ్ది తొలి పాదంలో రాసిన సంఘచరిత్రలో, ఎడెస్సా దఫ్తరంలోని సిరియాక్ పత్రాల నుంచి దీన్ని గ్రీకులోకి తెచ్చినట్టు చెప్పుకున్నాడు. సంఘటన జరిగింది 340వ సంవత్సరమట. సెల్యూసిద్ శకం లెక్కన అది క్రీ.శ. 28-29. కథకూ సాక్షికీ మధ్య దాదాపు 300 ఏళ్ల ఎడం. ఆయన పత్రాలు చూసే ఉండవచ్చు. అంతమాత్రాన అవి మొదటి శతాబ్దివని తేలదు.

2. పాఠాంతరాలు తక్కువేమీ కావు. 400 ప్రాంతపు 'అద్దాయి బోధ' అనే సిరియాక్ గ్రంథంలో శిష్యుడి పేరు యూసేబియస్ చెప్పిన తద్దయి కాదు, అద్దాయి. యేసు జవాబు రాయడు, నోటిమాటగా చెబుతాడు. యూసేబియస్ వార్తాహరుడిగా చూపిన వ్యక్తి ఇక్కడ హన్నాన్ అనే దఫ్తరం అధికారి. పైగా యేసు రూపాన్ని చిత్రిస్తాడు. 384లో వచ్చిన యాత్రికురాలు ఎగేరియా లేఖను గురించి వివరంగా రాసింది గాని, చిత్రం ఊసెత్తలేదు. చిత్రం తరువాత చేరి ఉండవచ్చు. అయితే మౌనాన్ని రుజువుగా లెక్కించలేం.

3. అసలు చిక్కు పాలూత్ దగ్గర వస్తుంది. 'అద్దాయి బోధ' ప్రకారం ఇతడు అద్దాయి చేత సంఘంలో నియమితుడైనవాడు, అంటే మొదటి శతాబ్ది మనిషి. కాని గ్రంథం చివర, ఇతనికి బిషప్ అభిషేకం చేసినవాడు అంతియొకయ బిషప్ సెరాపియోన్ అని ఉంది. సెరాపియోన్ పదవిలోకి వచ్చింది సుమారు 190లో. ఒక మనిషి రెండు చోట్లా ఉండాలంటే నూట యాభై ఏళ్లకు పైగా బతకాలి! సెరాపియోన్‌ను అభిషేకించినవాడు రోము బిషప్ జెఫిరీనస్ అన్న తరువాతి మాటా నిలవదు. జెఫిరీనస్ పదవి 198 ప్రాంతంలో గాని మొదలు కాలేదు. అయినా పాలూత్ కల్పిత పాత్ర కాకపోవచ్చు. తమను ఇతరులు 'పాలూతీయులు' అని పిలిచేవారని 4వ శతాబ్దిలో సిరియాక్ రచయిత ఎఫ్రేము నొచ్చుకున్నాడు. 200 ప్రాంతపు మనిషిని ముందుకాలానికి జరిపారనుకోవడమే సులభం.

4. ఆ తేదీకి మరో ఆధారం వరద. 201 నవంబరులో దైసాన్ నది పొంగి రెండు వేలమందికి పైగా చనిపోయారనీ, 'క్రైస్తవుల సంఘపు మందిరం' దెబ్బతిన్నదనీ 'ఎడెస్సా వృత్తాంతం' అనే గ్రంథం నమోదు చేసింది. మందిరం ప్రస్తావన ప్రక్షిప్తమై ఉండవచ్చని పరిశోధకుడు వాల్టర్ బాయర్ 1934లో సందేహించాడు. ఆ సందేహాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. ప్రస్తావన అసలుదే అయినా, ఆ వరద వార్త రాసిన రాజాస్థానపు లేఖకుడు 'క్రైస్తవుల' అని వేరుచేసి రాయడం, అప్పటికి అది రాజమతం కాదనే సూచిస్తుంది.

5. అయితే 177-212 మధ్య ఏలిన 8వ అబ్గార్ క్రైస్తవుడయ్యాడన్న వాదమో? దానికి ప్రధానాధారం ఎడెస్సా తత్త్వవేత్త బర్దైసాన్ (154-222) శిష్యుడు కూర్చిన 'దేశాల ధర్మాల గ్రంథం'. దేవత కోసం పురుషత్వాన్ని కోసుకునేవారి చేతులు నరకమని అబ్గార్ 'విశ్వసించినప్పుడు' ఆజ్ఞాపించాడని సిరియాక్ ప్రతిలో ఉంది. ఇదే భాగాన్ని గ్రీకులో ఉదాహరించిన యూసేబియస్ పాఠంలో ఆజ్ఞ ఉంది, 'విశ్వసించినప్పుడు' అన్న మాట లేదు. సిరియాక్ రాతప్రతి 6-7 శతాబ్దాల నాటిది. యూసేబియస్ అంతకు ముందువాడు. ఒక రాజు క్రైస్తవుడయ్యాడన్న మాటను, అబ్గార్ కథను అంత ఇష్టంగా ఎత్తి రాసినవాడే వదిలేశాడనుకోవడం కష్టం. ఆయన చేతికి వచ్చిన గ్రీకు అనువాదంలోనే అది జారిపోయిందేమో అన్న ఆక్షేపణ మాత్రం మిగిలే ఉంది.