కళింగనగర నిర్ణయము

ప్రాచ్యగాంగుల రాజధాని యగు కళింగనగర మెచ్చటిది? పేరును బట్టి వంశధారాసాగరసంగమమునందలి కళింగపట్టణమే యని ఫ్లీటు మొదలగువారు తొలుతఁ దలఁచిరి. శబ్దసామ్య మొక్కటియే స్థలనిర్ణయమునకుఁ జాలదు.

టెక్కలి మొదలగు తావుల దొరకిన గాంగతామ్రశాసనములలోఁ బెక్కింట మహేంద్రగిరియందలి గోకర్ణస్వామి స్తుతియుఁ గళింగనగరము పేరును గానవచ్చును. అయినను స్థలమును దెలుపునది యనంతవర్మ చోడగంగుని శా. శ. 1040 (క్రీ. శ. 1118) నాఁటి విశాఖపట్టణ తామ్రశాసనము. అందుఁ గామార్ణవుఁడు "నగర"మను పురము రాజధానిగా నేలెననియు, అచ్చట మధూకవృక్షమునఁ బొడమిన లింగమునకు మధుకేశుఁడని పేరిడి యున్నతాలయము గట్టించెననియుఁ గలదు. మధూకమనఁగా నిప్పచెట్టు. నేఁడు వంశధార యెడమగట్టున శ్రీముఖలింగమున వెలసియున్న దేవుఁడు మధుకేశ్వరుఁడే! చెంతనే నగరికటకమను గ్రామమును గలదు.

నగరమనునది సామాన్యశబ్దము గదా, కళింగనగర మెట్లగునని యాక్షేపింపవచ్చును. సత్యభామను భామ యనినట్లు పేరిలో నొకభాగముచే నిండుపేరును గ్రహించుట వైయాకరణులకుఁ గొత్త గాదు. రాజధానీవాసులకుఁ దమ పట్టణము "నగర"మనినఁ జాలదా?

ఈ నిర్ణయము చేసినవారు గిడుగు రామమూర్తిగారు. వారు 1863వ యేఁట ముఖలింగమునకుఁ జేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో నుపాధ్యాయులై, ఆలయశాసనములను దామే చదువ నేర్చిరి. గ్రాంథికభాషావిషయమున వారితోఁ గలహించిన పండితులును ఈ వాదమును శిరసావహింపవలసినదే.

చోడగంగుఁడు 1078వ యేఁటఁ బట్టాభిషిక్తుఁడై యుత్కళమును జయించెను. కాలక్రమమున గాంగుల రాజధాని కటకమునకుఁ దరలినది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మాత్రము వంశధారయొడ్డున నిలిచియున్నవి.