స్నానఘట్టమునుండి మహాచైత్యమునకు: అమరావతీపురమున ఒక చారిత్రక పాదయాత్ర

అమరావతిని గూర్చి వ్రాసినవారిలో పెక్కురు మహాచైత్యముతో ఆరంభించి, అది శిథిలమైన వృత్తాంతముతో ముగించిరి. అందువలన నేడు జనులు కాపురముండు ఊరు ఆ కథకు వెలుపల నిలిచిపోయినది. ఊరు వేఱు, చైత్యము వేఱు అను భావము మన పాఠ్యగ్రంథములలో స్థిరపడినది. ఇది సరియైన దృష్టి కాదని మా యభిప్రాయము. చైత్యముయొక్క ఉత్తరచరిత్ర ఆ యూరి వీధులలోనే యున్నది. దానిని చదువుటకు కాలినడకయే తగిన పద్ధతి. నదియొద్ద మొదలిడి, ఆలయము, వీధులు, చైత్యము, కోట అను వరుసలో నడచినచో రెండు సహస్రాబ్దముల చరిత్ర రెండు మూడు మైళ్ళ దూరములో మన కగపడును.

గుంటూరునకు ఉత్తరముగా సుమారు 35 కిలోమీటర్ల దూరమున కృష్ణకు దక్షిణపు టొడ్డున అమరావతి యున్నది. 2022 వరకు ఇది గుంటూరు జిల్లాలోనిది. ఆ యేట జిల్లాలను పునర్విభజించినప్పుడు పల్నాడు జిల్లాలో చేరినది. లాం, తాడికొండ ప్రాంతములమీదుగా పోవు బాట నల్లరేగడి నేలలోనిది. మాఘ ఫాల్గుణములలో బాట కిరువైపుల మిరపకల్లములు ఎఱ్ఱగా పఱచియుండును. ప్రత్తితీత చివరకు వచ్చియుండును. పాదచారికి ఈ మాసములే అనుకూలములు. చైత్రము దాటిన పిదప ఆ యెండలో సున్నపురాళ్ళ నడుమ మధ్యాహ్నవేళ నిలుచుట యెంతవారికిని కష్టము.

మొదట నదికి పోవుదము. ఐరోపాలో స్నానముకొఱకు వెలసిన పట్టణములు సామాన్యముగా వేడినీటి యూటల చుట్టు పెరిగినవి. రోగశాంతి వాని ప్రయోజనము. మనకు నదియే ఊట. స్నానముయొక్క ఫలము శరీరముతో ముగియదు. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరము. 2004లోను, 2016లోను ఇచట లక్షలాది జనులు మునిగిరి. ఘట్టమునుండి ఆలయమునకు పోవు మెట్లదారిలో తడిబట్టలతో ఎక్కు యాత్రికుల వరుసను చూచినవారికి ఈ పురము దేనివలన బ్రతికినదో వేఱుగా చెప్పనక్కఱలేదు. రాజధానులు వచ్చినవి, పోయినవి, స్నానము నిలిచినది.

క్రౌంచశైల మనబడు మిట్టపై అమరేశ్వరాలయము గలదు. పంచారామములలో ఇది అమరారామము. తక్కినవి ద్రాక్షారామము, సోమారామము, క్షీరారామము, కుమారారామము. శ్వేతశిలాలింగము మిక్కిలి పొడవైనది గనుక అర్చకుడు పైయంతస్తు నెక్కి అభిషేకము చేయవలెను. 'ఆరామ' శబ్దమును బట్టియు, లింగముయొక్క ఆకృతిని బట్టియు ఇది మొదట బౌద్ధస్థానమే యనియు, బౌద్ధము నశించిన పిదప శైవమైనదనియు చెప్పువారు కలరు. పేరొక్కటి, ఆకారమొక్కటి సాక్ష్యమునకు చాలవు. అంతకంటె విలువగల సాక్ష్యము ఆ యాలయములోని స్తంభముమీదనే యున్నది. శక సంవత్సరము 1104, అనగా క్రీ.శ. 1182లో కోటవంశపు కేతరాజు వేయించిన శాసనము ధాన్యకటకమున అమరేశ్వరుని పేర్కొని, అచ్చటనే మిక్కిలి యున్నతమైన బుద్ధుని చైత్యము కలదని వర్ణించి, బుద్ధునకు గ్రామములను, అఖండదీపములను ఇచ్చినట్లు చెప్పుచున్నది. ఇచ్చినవాడు శైవుడు, శాసనము నిలిచినది శివాలయమున, దానము పొందినవాడు బుద్ధుడు. 1234లో నతవాడి రుద్రుని కూతురు బయ్యలయు బుద్ధునకు దీపము పెట్టినది. సింహళమున గడలదెనియ శాసనము (1344) ధర్మకీర్తి యను స్థవిరుడు ధాన్యకటకమున రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించెనని తెలుపుచున్నది. ఒక మతము మఱియొకదానిని త్రోసి దాని పీటపై కూర్చుండెనను కథ వినుట కింపుగా నుండును గాని, ఈ మూడు శాసనములకు అది పొసగదు. పదునాలుగవ శతాబ్దిమధ్యము వరకు రెండు దేవస్థానములలోను దీపములు వెలుగుచునే యుండెను.

ఈ సందర్భమున ఒక మాట. పదునెనిమిదవ శతాబ్దాంతమునాటికి చైత్యపు దిబ్బను ఊరివారు దీపాలదిన్నె యని పిలుచుచుండిరి. అది యెవరి చైత్యమో అప్పటికి మఱచిపోయిరి. దీపముల మాట మాత్రము పేరులో నిలిచినది. బయ్యల వంటివారి దీపదానముల జ్ఞాపకమే అందులో మిగిలెనా యని మాకు తోచుచున్నది. ఇది ఊహయే గాని ఋజువు కాదు. స్థలనామములపై పనిచేయు విద్యార్థులు విచారింపదగిన విషయము.

ఆలయమునుండి వీధులలోనికి దిగుదము. 1515లో కొండవీటిని గెలిచిన కృష్ణదేవరాయలు ఇచటికి వచ్చి తులాపురుషదాన మొనర్చెను. దేవేరులును మహాదానములు చేసిరి. ఇది రాజు వచ్చి పోయిన ముచ్చట. వీధులను వేసినవాడు వేఱొకడు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1783 మొదలు 1816లో మరణించువరకు జమీందారు. చింతపల్లిలోనుండిన తన రాజధానిని అతడు పదునెనిమిదవ శతాబ్దాంతమున ఇచటికి మార్చెను. చెంచులను చంపించిన పాపము తన్ను వెంటాడగా, ప్రాయశ్చిత్తముగా అమరేశ్వరుని సన్నిధికి వచ్చెనని జనశ్రుతి. కారణ మేదైనను క్రొత్త పురమునకు ఇటుకలు కావలసెను, రాళ్ళు కావలసెను, సున్నము కావలసెను. ఊరికి దక్షిణమున దిబ్బ యున్నది. త్రవ్విన కొలది మూడును దొరకినవి. ఇటుకలు గోడలకు పోయినవి. చెక్కడపు ఫలకములు శివగంగ చెఱువు మెట్లకు పోయినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలినవి; పలనాటి సున్నపురాయి బట్టీకి అనువైనదే కదా! ఈ వీధులలో నడచుచు చైత్య మెక్కడ నున్నదని అడుగువారికి, కొంత మీ యడుగుల క్రిందనే యున్నదని చెప్పుట అసత్యము కాదు.

1797లో కాలిన్ మెకంజీ ఇచటికి వచ్చెను. అతడు చూచినదానిని 1807లో ప్రకటించెను. 1816లో తిరిగి వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెఱువు త్రవ్వబడియుండెను. మెకంజీ, అతని సహాయకులు వ్రాసిన పటములు, చిత్రములు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. అందలి కొన్ని ఫలకములకు నేడు చిత్రమే మిగిలినది.

వేంకటాద్రి నాయుని ఒక్కనినే దోషిగా నిలుపుట మన రచనలలో ఆచారమైనది. ఇది న్యాయము కాదని మేమందుము. అతడు దిబ్బలోని వస్తువేమో యెఱుగడు. ఎఱిగినవారు చేసినదేమి? 1830 దశకమున మచిలీపట్టణపు కలెక్టరు రాబర్ట్‌సను కొన్ని ఫలకములను కొనిపోయి ఆ పట్టణపు అంగడిలో అలంకారముగా నిలిపెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మద్రాసు చేరి ఏండ్ల తరబడి ఎండకు వానకు నిలిచి, 1859లో నూటికి పైగా లండనునకు ఓడలో పోయినవి. అచ్చటను అవి మూలబడియుండగా 1867లో జేమ్స్ ఫెర్గూసను గుర్తించెను. 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. 1877లో రాబర్ట్ సూయెల్ దిబ్బలో ఒక భాగమును త్రవ్వెను. ఆ పిదప గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ఉత్తరువుపై 1880లో దిబ్బనంతయు తుడిచి పెట్టిరి. 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చి చూడగా అచ్చట మిగిలినది పెద్ద గొయ్యి. ఏ పొర యే కాలముదో, ఏ ఫలకము ఎక్కడ నిలిచినదో తెలిసికొను ఆధారములు ఆ మంటితోపాటు పోయినవి. ఇంటికొఱకు ఇటుక తీసినవాని చేతికంటె శాస్త్రము పేర పలుగు పట్టినవాని చేతివలన కలిగిన నష్టము తక్కువది కాదు. ఆ కాలముననే ఇంగ్లండులో బాత్ అను స్నానపట్టణమున వీధుల క్రింద రోమనుల కాలపు మహాస్నానవాటిక బయల్పడినది. దానిని ఉన్నచోటనే నిలిపి, నేటికిని జనులకు చూపుచున్నారు. రెండు పురములును పూర్వపురముపై కట్టినవే. ఒకచోట క్రిందిది క్రిందనే యుండెను, ఇచట క్రిందిది పైకి వచ్చి పైదానిలో కలిసిపోయెను.

ఇక చైత్యస్థలము. నేడు కనబడునది ఇటుక వలయము, దానిచుట్టు నిలిపిన స్తంభముల తుండెములు. మొదటిసారి చూచినవారు నిరాశ పడుదురు. అందుచేత మేము విద్యార్థులకు చెప్పునది యిది: నిలిచి చూడవలదు, నడువుడు. చైత్యమును కట్టినవారు దానిని చూచుటకు గాక నడచుటకు కట్టిరి. అండమునకు ఆధారమైన వేదిక వ్యాసము సుమారు 162 అడుగులు. దానిచుట్టు నుండిన రాతిదడి వ్యాసము సుమారు 192 అడుగులు. ఈ రెండింటి నడుమ ప్రదక్షిణపథము. కుడివైపు అండము, ఎడమవైపు దడి, రెండువైపుల చెక్కడములే. నాలుగు దిక్కులను ముందుకు వచ్చిన అరుగులపై అయిదేసి ఆయకస్తంభములు. ఇది ఆంధ్రదేశపు స్తూపముల ప్రత్యేకలక్షణము. దడి వెలుపలి చుట్టుకొలత సుమారు 600 అడుగులు. నిదానముగా నడచిన అయిదు నిమిషములు పట్టదు. కాని ప్రతి ఫలకమున ఒక జాతకకథయు, ప్రతి స్తంభమున ఒక పద్మమును నిలిచియున్న కాలమున ఆ అయిదు నిమిషముల దూరము ఒక పూటకును తెమలెడిది కాదు.

ఫలకములపై దాతల పేర్లున్నవి. వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనమున 'మహాచేతియ' శబ్దము కలదు గాని, దాతలలో రాజులకంటె గృహస్థులు, భిక్షుణులు, వర్తకులు ఎక్కువ. గంధములమ్ము హంఘుడు వారిలో నొకడు. విధికు డను చర్మకారుడు మఱియొకడు. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు. అతడు తల్లితో, భార్యతో, సోదరులతో, సంతానముతో కలిసి పూర్ణఘటఫలకము నిచ్చెను. 2018లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము స్వీకరించిన రాజముద్రలోని పూర్ణఘటము ఆ దానమునే ఆధారము చేసికొన్నది. తోలుపని చేయువాని కానుక నేడు ప్రభుత్వపత్రముల శిరస్సున నున్నదని మన విద్యార్థులలో ఎందఱికి తెలియును?

తెలుగుశాఖవారికి ఇచట వేఱొక ప్రయోజనమును గలదు. అమరావతి రాతిముక్కపై వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చదివిన 'నాగబు' అను మాట తెలుగుపదములలో అతిప్రాచీనమైనదిగా ప్రసిద్ధి కెక్కినది. 'బు' వర్ణకమును బట్టి ఇది తెలుగని వారి వాదము. విరిగిన రాయి గనుక అది సంపూర్ణపదమో, నాగబుద్ధి వంటి పేరులోని తునుకయో యను శంకకు తావు కలదు. నిశ్చయముగా చెప్పుటకంటె, ఆ శంకతోనే పాఠము చెప్పుట మేలని మా తలంపు.

చైత్యమునకు చేరువనే 1951లో ఏర్పడిన పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల యున్నది. ఆవరణలో చైత్యపు నమూనా గలదు. నడచివచ్చిన స్థలమును ఇచట కనులతో పూరించుకొనవలెను. శిల్పములలో మేలైనవి చెన్నపట్టణమునను, లండనునను ఉన్నవి. సింహవర్మ పల్లవుని శాసనస్తంభము, క్రిందినుండి పైకి చదువవలసిన ఆ వింత శాసనము, చెన్నపట్టణములోనే యున్నది. అమరావతిని పూర్తిగా చూడదలచినవాడు మూడు పురములు తిరుగవలెను.

పురమున నవీనచిహ్నములును కలవు. టిబెట్టువారి సంప్రదాయమున బుద్ధుడు కాలచక్రతంత్రమును ఉపదేశించినది ధాన్యకటకమున. ఆ కారణముననే 2006 జనవరిలో దలైలామా ఇచట కాలచక్రదీక్ష నొసగెను. నదికి చేరువను 125 అడుగుల ధ్యానబుద్ధుని ప్రతిమ నిలిచినది. 2015 అక్టోబరు 22న క్రొత్త రాజధానికి శంకుస్థాపన జరిగినది ఈ యూరిలో గాదు, ఇచటికి తూర్పున నదీతీరముననే యున్న ఉద్దండరాయునిపాలెమున. పేరు మాత్రము ఇచటినుండి పోయినది. పత్రికలలో 'అమరావతి' యని చదివినప్పుడెల్ల ఏ యమరావతియో విచారించి వాడుట పరిశోధకునకు అవసరము. లేనిచో ఒకదాని కొలతలు, సరిహద్దులు మఱియొకదానికి అంటుకొనును.

చివరకు పడమరగా అర్ధమైలు నడచిన ధరణికోట. శాసనముల ధాన్యకటకమిదియే. మట్టికోట కట్టలపై నడచునపుడు ఇది రాజధానియా యని సందేహము కలుగును. 1962 మొదలు 1964 వరకు ఎం. వేంకటరామయ్యగారు, కె. రాఘవాచారిగారు ఇచట త్రవ్వించిరి. కట్ట యంచున ఓడలు నిలుచుటకు కట్టిన రేవు బయల్పడినది. మొదట కొయ్యతో కట్టిరి, తరువాత ఇటుకతో. నదినుండి అక్కడికి ఒక కాలువ వచ్చెడిది. విధికుని ఫలకమును, హంఘుని గంధమును, భిక్షుణుల దీపములను పోషించిన ధనము ఈ కాలువలో వచ్చినదే. పులుమావి కాలమున ఇచటి మహావిహారపు తూర్పుద్వారమున పూర్వశైలీయులకు ధర్మచక్రస్తంభము నిచ్చిన శాసనమును ధరణికోటలోనే దొరకినది. నేడు కట్టపై నిలిచిన ఒకవైపు పొలములు, వేఱొకవైపు కృష్ణ. రేవు తిరిగి మంటిచే కప్పబడియున్నది. దాని పొడవునా నడచుటకు దారి వేసినవారు ఇంకను లేరు.