కోడింగ్ రాకపోయినా స్మార్ట్ హోమ్ హబ్: 'అప్‌డేట్' నొక్కే ముందు

ప్లేనోలో తెలుగువాడు అనగానే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. నేను అకౌంట్స్ మనిషిని, ఒక్క లైను కోడ్ కూడా రాయలేను. అయినా మా ఇంట్లో లైట్లు, థర్మోస్టాట్, గరాజ్ తలుపు, నీటి లీకు సెన్సార్లు అన్నీ ఒక చిన్న పెట్టె మీద నడుస్తున్నాయి. పాట్‌లక్‌కి వెళ్తే ఎవరో ఒకరు "ఎలా పెట్టారండీ?" అని అడుగుతూనే ఉంటారు. పెట్టడం తేలికే. పాడుచేసుకోకుండా అప్‌గ్రేడ్ చేయడం దగ్గరే చిక్కు. అది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది.

ఒక జనవరిలో, సంక్రాంతికి ఇండియా బయల్దేరే ముందు రాత్రి, సూట్‌కేసులు తూకం వేస్తూ ఫోన్‌లో అప్‌డేట్ కనిపిస్తే నొక్కేశాను. పొద్దున్నే చూసుకోకుండా ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోయాం. హబ్ మళ్లీ లేవలేదు. ఇక్కడి చాలా ఇళ్లలో లాగే మా వాటర్ హీటర్ అటక మీద ఉంటుంది. దాని కింద పళ్లెంలో పెట్టిన సెన్సార్ తడిసింది, కానీ నాకు చెప్పే దిక్కు లేదు. నాలుగో రోజు ఉత్తరాలు తీయడానికి వచ్చిన పక్కింటాయన లోపలికి తొంగి చూసి, సీలింగ్ మీద మరక ఉందని ఫోన్ చేశారు. బాగు చేయించడానికి అయిన ఖర్చుతో అలాంటి హబ్‌లు పది కొనొచ్చు. తొందర నాదే.

టెక్సస్‌లో లీకు సెన్సార్‌ని ఆటబొమ్మ అనుకోకండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడిపోయింది. కరెంటు పోయి, పైపులు పగిలి, ఎన్నో ఇళ్లు తడిసిపోయాయి.

హబ్ కొనేటప్పుడు నేను మొదట అడిగేది ఒక్కటే: ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుందా? కంపెనీ సర్వర్ మీద ఆధారపడ్డ హబ్‌లు ఏమయ్యాయో చూశాం. లోస్ వాళ్ల ఐరిస్ 2019 మార్చి 31న మూతపడింది. వింక్ 2020లో నెలకు దాదాపు 5 డాలర్ల చందా కట్టమంది. ఇన్‌స్టియాన్ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ముందస్తు మాట లేకుండా ఆగిపోయాయి. మీ హబ్ సంగతి తెలియాలంటే మోడెమ్ వైరు పీకి, వైఫై మాత్రం ఉంచి, మోషన్ సెన్సార్‌కి లైటు వెలుగుతుందేమో చూడండి.

ఇంట్లోనే పనిచేసే వాటిలో హ్యూబిటాట్ ఒకటి, హోమ్ అసిస్టెంట్ ఒకటి. నేను రెండోదానికి మారాను. ఒకప్పుడు అది కోడింగ్ వచ్చినవాళ్ల సరుకే. 2023 సెప్టెంబరులో 99 డాలర్లకు వచ్చిన 'గ్రీన్' పెట్టెతో ఆ బెడద తగ్గింది. రౌటర్‌కి ఒక వైరు, కరెంటుకి ఒక వైరు, అంతే. అయితే అందులో జిగ్బీ రేడియో ఉండదు, యూఎస్‌బీ డాంగిల్ విడిగా కొనాలి. దాన్ని పెట్టెకు నేరుగా గుచ్చకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి. పక్కన ఉండే పరికరాల వల్ల సిగ్నల్ చెడిపోతుంది.

రూల్స్ రాయడానికి కోడ్ అక్కర్లేదు. స్క్రీన్ మీద మూడు గళ్లు ఉంటాయి: ఏం జరిగినప్పుడు, ఏ షరతు మీద, ఏం చేయాలి. 'అటక సెన్సార్ తడిస్తే, మా ఇద్దరి ఫోన్లకూ మెసేజ్ పంపు' అనేది నా మొదటి రూల్. పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. మా అమ్మగారు వచ్చినప్పుడు టాబ్లెట్ మీద 'అమ్మ గది లైటు' అని కనబడితే ఎవర్నీ పిలవకుండా తనే నొక్కుకున్నారు. గోడ మీద మామూలు స్విచ్ మాత్రం ఎప్పటికీ పనిచేసేలా ఉంచండి. యాప్ తెరిస్తే తప్ప లైటు వెలగని ఇంట్లో పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు.

ఇక అప్‌డేట్లు. హోమ్ అసిస్టెంట్ కొత్త వెర్షన్ నెలనెలా వస్తుంది, నంబరు కూడా 2025.1 లాగా సంవత్సరం, నెల. వచ్చిన రోజే నొక్కకండి. వారం, రెండు వారాలు ఆగితే చిన్న చిన్న లోపాలు సరిదిద్దిన 2025.1.1, 2025.1.2 వస్తాయి. విడుదల నోట్‌లో పాతవి పనిచేయకుండా చేసే మార్పులకు ఒక భాగం ఉంటుంది. అందులో మీ పరికరాల పేర్లు ఉన్నాయేమో చూస్తే చాలు, మిగతాది నేనూ చదవను. శనివారం పొద్దున చేయండి. ప్రయాణం ముందు గానీ, చలి హెచ్చరిక ఉన్నప్పుడు గానీ చేయకండి.

దానికంటే ముందు బ్యాకప్. ఆటోమేటిక్‌గా పెట్టుకోవచ్చు, కానీ కాపీ హబ్‌లోనే ఉంటే హబ్‌తో పాటే పోతుంది. ఒకటి కంప్యూటర్‌లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. ఆ బ్యాకప్‌కి తాళం ఉంటుంది. దాని కీ ఉన్న 'ఎమర్జెన్సీ కిట్' ఫైలు డౌన్‌లోడ్ చేసి, ప్రింటు తీసి పాస్‌పోర్టుల దగ్గర పెట్టాను. కీ లేకపోతే బ్యాకప్ ఉన్నా తెరుచుకోదు.

కొత్త పెట్టెకు మారేటప్పుడు మొదటి స్క్రీన్‌లోనే 'బ్యాకప్ నుంచి' అనేది ఎంచుకోవాలి. పాత డాంగిల్‌నే తీసి కొత్త పెట్టెకు పెడితే సెన్సార్లను మళ్లీ జత చేసే పని ఉండదు. పాతదాన్ని వెంటనే చెరిపేయకుండా ఒక నెల పక్కన ఉంచండి, కరెంటు మాత్రం తీసేయండి. రెండూ ఒకేసారి నడిస్తే గందరగోళం.

హబ్‌కీ, రౌటర్‌కీ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టండి. లేకపోతే కరెంటు పోగానే బ్యాటరీ సెన్సార్ ఎంత అరిచినా వినేవాళ్లుండరు. నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ, తాళం ఇచ్చిన పక్కింటివాళ్లకీ చూపించండి. ఊరెళ్లే ముందు సెన్సార్ మీద చెంచాడు నీళ్లు పోసి ఫోన్ మోగుతుందో లేదో చూడటం ఇప్పుడు మా ఇంట్లో పాలు, పేపరు ఆపమని చెప్పడం లాంటి పని.

చాలామంది హైదరాబాద్, విజయవాడ ఇళ్లకు కూడా ఇక్కడి నుంచి కొని పట్టుకెళ్తామంటున్నారు. ప్లగ్గులు, స్విచ్‌లు వద్దు. అక్కడ 230 వోల్టులు, ఇక్కడివి 120కి చేసినవి. జెడ్-వేవ్ పరికరాలూ వద్దు. అమెరికాలో 908.42 మెగాహెర్ట్జ్ మీద నడిచేవి ఇండియా హబ్‌తో మాట్లాడవు, అక్కడ 865.2. బ్యాటరీతో నడిచే జిగ్బీ సెన్సార్లకు ఈ ఫ్రీక్వెన్సీ తేడా లేదు, రెండు చోట్లా 2.4 గిగాహెర్ట్జే. నాన్నగారింట్లో ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర పెట్టింది ప్లేనో నుంచి తీసుకెళ్లిన లీకు సెన్సారే.