పటం రంగు, నేల రంగు: ఊహానవలల సమీక్షకు నండూరి బెలూను

ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవల చేతికి రాగానే సమీక్షకుడు ముందుగా అడిగేది "ఇది జరిగే పనేనా?" అని. ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉందని నా వాదన. అందుకు ఆధారం విస్సన్నపేటలో పుట్టిన రచయిత పుస్తకాల్లో దొరుకుతుంది.

అప్పటి కృష్ణా జిల్లాలో, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా తిరువూరు డివిజనులో ఉన్న ఈ ఊళ్లో 1927లో నండూరి రామమోహనరావు పుట్టారు. ఆంధ్రజ్యోతి సంపాదకుడిగా ఆయన పేరు అందరికీ తెలుసు. తెలుగు పిల్లలకు టామ్ సాయర్‌ని చుట్టాన్ని చేసింది కూడా ఆయనే. ఆయన అనువాదాల్లో ఇక్కడ నాకు కావలసింది 'టామ్ సాయర్ ప్రపంచయాత్ర'. దాని మూలాన్ని మార్క్ ట్వైన్ 1894లో ప్రచురించాడు. జూల్స్ వెర్న్ బెలూను నవల అప్పటికి 31 ఏళ్ల కిందటిది.

పిచ్చి ప్రొఫెసరు తయారుచేసిన బెలూనులో ముగ్గురు అట్లాంటిక్ దాటి సహారా చేరతారు. అలాంటి బెలూను ఆనాడు లేదు. ఆ ఒక్క అబద్ధాన్ని ఒప్పుకున్నామంటే ఆపైన ట్వైన్ లెక్క తప్పడు. ఎడారిలో దాహం వేస్తుంది, ఎండమావి మోసం చేస్తుంది. ఇసుకను అమెరికాలో అమ్ముకుందామని బెలూనుకు ఎత్తుకుంటారు. దారిలో ప్రతి దేశమూ సుంకం వసూలు చేస్తుందని టామ్‌కు తట్టేసరికి ఆ ఇసుకంతా పారబోయక తప్పదు. ఎగిరే బెలూనుకు సుంకం బెడద! కల్పనకు బిగువు ఇక్కడుంది. సమీక్షకుడు ముందుగా చూడవలసింది కూడా ఇదే: నవల తనకు తాను పెట్టుకున్న కట్టుబాటును చివరిదాకా నిలబెట్టుకుందా?

అదే నవలలో టామ్‌తో పాటు బెలూనులో ఉన్న నేస్తం హక్ ఒక వాదన చేస్తాడు. కింద నేల ఇంకా పచ్చగానే ఉంది కాబట్టి ఇల్లినాయిస్ దాటలేదంటాడు. పటంలో ఇండియానా గులాబీరంగులో ఉంది మరి! పటాన్నే నేల అనుకోవడం వాడి పొరపాటు. ఊహానవలను నిజంతో కొలిచి కొట్టేసే సమీక్షకుడు నేల రంగు లేదని పటాన్ని చించేస్తున్నాడు.

అయితే "జరిగే పనేనా" అన్న ప్రశ్నకు అసలు చోటే లేదని నేననను. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చేతబడికీ వైద్యుల వివరణకూ పక్కపక్కనే పీట వేసింది. రచయిత్రి రంగనాయకమ్మ దాని మీద 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అంటూ విరుచుకుపడ్డారు. పాఠకుడు చేతబడిని నేల మీది నిజంగా ఇంటికి తీసుకుపోయే ప్రమాదం ఉన్నప్పుడు ఆ కోపం సమీక్షలో భాగమే. కథనంలోని పట్టును మాత్రం విడిగా తూచాలి. ఆ రెండు తూకాలూ కలిసిపోతే అటు నవలకూ ఇటు పాఠకుడికీ అన్యాయం జరుగుతుంది.

నండూరి వాటిని కలపలేదు. బెలూను కథను కథగానే పిల్లలకిచ్చారు. నక్షత్రాల సంగతి చెప్పడానికి 'విశ్వరూపం', మనిషి పరిణామం చెప్పడానికి 'నరావతారం' వేరుగా రాశారు.