సిరా డబ్బా వెనక వంశవృక్షం

అచ్చు సిరా కలంలో పోసుకునే సిరా కాదు. నీళ్ల సిరా లోహపు అక్షరం మీద నిలవదు, బొట్లు బొట్లుగా విడిపోతుంది. అందుకే గూటెన్‌బర్గ్ కాలం నుంచీ అచ్చుకు నూనె సిరానే దిక్కయింది. అవిసె నూనెను కాగులో గంటల తరబడి కాచాలి. ఒక చుక్క తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి విడదీస్తే తీగ సాగాలి. అరిసెల పాకం పట్టిన చేతికి ఈ పరీక్ష కొత్తగా చెప్పనక్కర్లేదు. పాతకాలంలో ఆ నూనెలో రొట్టె ముక్కలూ ఉల్లిపాయలూ కూడా వేసేవారు, జిడ్డు లాగేస్తాయన్న నమ్మకంతో. నూనె ఒక్క క్షణం ఎక్కువ కాగితే భగ్గుమంటుంది కాబట్టి ఈ పని ఇళ్లకు దూరంగా, ఆరుబయట పెట్టుకునేవారు. అలా చిక్కబడ్డ నూనెలో మసి కలిపి, రాతి మీద నూరి నూరి సిరా చేసేవారు.

చాలాకాలం ఈ వంట ముద్రాపకుడి సొంత పనే. ఎవరి ప్రెస్సుకు కావలసింది వాళ్లే కాచుకునేవారు. పత్రికలు పెరిగి, యంత్రాలు వేగం పుంజుకున్నాక ఆ తీరిక లేకపోయింది. పారిస్‌లో రాజ ముద్రణాలయంలో పనిచేసిన పియేర్ లొరియే 1818లో తోటి ముద్రాపకుల కోసం సిరా చెయ్యడం మొదలుపెట్టాడు. తర్వాత పారిస్ పక్కనే ఉన్న ప్యుతోలో ఫ్యాక్టరీ కట్టాడు. కొడుకు శార్ల్ ఆ వ్యాపారాన్ని దేశాలు దాటించాడు. 1877లో లండన్‌లో కోట్స్ సోదరులు ఇదే దారి పట్టారు. అప్పట్లో సిరా వ్యాపారం అంటే దాదాపు ఎక్కడ చూసినా ఒక ఇంటిపేరే. ఏ నూనె ఎంత కాచాలి, ఏ కాగితానికి ఎంత పలచన చెయ్యాలి అన్నది పుస్తకంలో దొరికేది కాదు. తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకున్న విద్య అది.

నేను ఇక్కడ చెప్పదలచుకున్నది వీళ్లందరి కంటే ఆలస్యంగా మొదలై, చివరికి వీళ్లందరి వారసత్వాన్నీ తన గూటికి చేర్చుకున్న మరో కుటుంబం గురించి.

1908 ఫిబ్రవరిలో టోక్యోలో కిజురో కవామురా అనే ఆయన తన ఇంటిపేరుతో చిన్న సిరా కార్ఖానా పెట్టాడు. అదే ఏడాది సెప్టెంబరులో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. కానీ ఆసియాలో అచ్చు ఎంత వేడి మీద ఉన్న కాలమో ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. చదివేవాళ్లు పెరుగుతున్నారు, పత్రికలు పుడుతున్నాయి, సిరా కావాలి.

సిరాలో నల్లది సులువు. మసి ఎక్కడైనా దొరుకుతుంది. కష్టమంతా రంగులతోనే. ఎరుపు, పసుపు, నీలం రంగు పొడులు తయారు చెయ్యడంలో ఆనాడు జర్మనీదే పైచేయి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్ రంగుల సరఫరా ఆగిపోయి జపాన్ వ్యాపారులు విలవిల్లాడారు. కవామురా కార్ఖానా 1925లో తన రంగు పొడులు తానే తయారు చేసుకోవడం మొదలుపెట్టింది. ఈ కుటుంబ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. సిరా కలిపి అమ్మేవాడు వేరు, సిరాలోకి వెళ్లే ప్రతి సరుకూ తానే చేసేవాడు వేరు. మొదటివాడు పక్కవాడు ధర పెంచితే మునిగిపోతాడు.

తర్వాత నూనె వంతు వచ్చింది. ట్రెడిల్ ప్రెస్సులో పనిచేసినవాళ్లకు సిరా డబ్బా మూత తియ్యగానే కనిపించే దృశ్యం తెలుసు. పైన తోలులాంటి పొర కట్టి ఉంటుంది. కత్తితో అంచు వెంబడి కోసి ఆ పొరను మెల్లగా ఎత్తాలి. చిన్న తునక మిగిలినా అది రోలరెక్కి, అక్షరాల మీద పడి, ప్రతి కాగితం మీదా పొక్కులా అచ్చవుతుంది. గాలి తగిలితే అవిసె నూనె అలా గట్టిపడుతుంది. సిరా ఆరేదీ ఆ గుణంతోనే, డబ్బాలో పాడయ్యేదీ ఆ గుణంతోనే. యంత్రాల వేగం పెరిగేకొద్దీ ఇంత నెమ్మదిగా ఆరే నూనె చాలలేదు. కృత్రిమంగా తయారు చేసిన రెజిన్లు కావలసి వచ్చాయి. అప్పటికి కవామురా కార్ఖానా డైనిప్పన్ పేరుతో పెద్ద కంపెనీ అయింది. 1937లో కంపెనీగా నమోదైంది, 1950లో టోక్యో స్టాక్ ఎక్స్‌ఛేంజికి ఎక్కింది. రెజిన్ల విద్య కోసం 1952లో అమెరికాకు చెందిన రైక్‌హోల్డ్ కంపెనీతో కలిసి ఒక ఉమ్మడి కంపెనీ పెట్టింది. పదేళ్ల తర్వాత ఆ ఉమ్మడి కంపెనీని తనలో కలిపేసుకుని డైనిప్పన్ ఇంక్ అండ్ కెమికల్స్ అయింది. 1987లో ఆ రైక్‌హోల్డ్‌నే కొనేసింది. విద్య నేర్పిన ఇంటినే కొనుక్కున్నట్టు!

కొనుగోళ్ల కథ నిజానికి దానికి ఏడాది ముందే మలుపు తిరిగింది. అమెరికాలో 1929లో అయిదు సిరా కంపెనీలు కలిసి ఏర్పడిన సంస్థ, తర్వాత సన్ కెమికల్ పేరుతో ఎదిగింది. దాని సిరా వ్యాపారాన్ని 1986లో జపాన్ కంపెనీ దాదాపు 55 కోట్ల డాలర్లకు కొన్నది. 1999లో కోట్స్ వంతు. అప్పటికి లండన్ కోట్స్, పారిస్ లొరియే రెండూ ఫ్రెంచి చమురు కంపెనీ టోటల్ చేతిలో ఒకటై ఉన్నాయి. అలా 1818లో మొదలైన ఫ్రెంచి ఇంటిపేరు, 1877 నాటి ఇంగ్లిష్ ఇంటిపేరు టోక్యో కుటుంబం గొడుగు కిందికి చేరాయి. కోట్స్‌తో పాటు మన దేశమూ ఈ కథలోకి వచ్చింది. 1947 నుంచి కలకత్తాలో సిరా చేస్తున్న కోట్స్ ఆఫ్ ఇండియా, ఇప్పుడు డీఐసీ ఇండియా. 2008లో నూరేళ్లు నిండినప్పుడు మాతృసంస్థ కూడా డీఐసీ అని పేరు కుదించుకుంది.

కవామురా ఇంటి పేరు డబ్బా మీద నుంచి ఎప్పుడో పోయింది. అది మిగిలింది ఒక మ్యూజియం మీద. కిజురోకు చిత్రాలు సేకరించే అలవాటు ఉండేది. రెండో తరంలో కత్సుమి కవామురా ఆ అభిరుచిని ఇంకా దూరం తీసుకెళ్లాడు. 1990లో చిబా ప్రాంతంలోని సకురా పట్టణంలో, కంపెనీ పరిశోధన కేంద్రం పక్కనే మ్యూజియం తెరిచారు. రెంబ్రాంట్ చిత్రం ఒకటి అందులో ఉండేది. అన్నిటికంటే పేరు తెచ్చింది చిత్రకారుడు మార్క్ రోత్కో గది. న్యూయార్క్‌లోని ఒక ఖరీదైన రెస్టారెంటు గోడల కోసం రోత్కో 1958, 59ల్లో పెద్ద చిత్రాలు వేసి, ఆ చోటు నచ్చక బయానా తిరిగిచ్చేశాడు. వాటిలో ఏడు ఇక్కడికి చేరాయి. ముదురు ఎరుపు, మెరూన్ రంగులు మాత్రమే మాట్లాడే గది అది. రంగు పొడులతో పొట్టపోసుకున్న కుటుంబం, రంగు తప్ప మరేమీ లేని చిత్రాలను ఇంత ప్రేమగా దాచడంలో నాకు ఏ వింతా కనిపించదు. కానీ వాటాదార్ల లెక్కలకు ఆ ప్రేమ బరువైంది. ఆస్తులు సరిగా ఉపయోగపడటం లేదన్న వాదన గట్టిపడి, 2025 మార్చి 31న మ్యూజియం మూతపడింది. కొన్ని చిత్రాలను మాత్రం టోక్యో నగరంలో చూపించే ఏర్పాటు చేశారు. మూసేస్తారని తెలియగానే జనం బారులు తీరారు. ముప్పయ్ అయిదేళ్లు ఆ పట్టణానికి అలవాటైన చోటు అలా లెక్కల కింద పోవడం బాధగానే ఉంది.

కుటుంబం మొదలుపెట్టిన మరో దారి మాత్రం సాగుతోంది. 1970లలో ఈ కంపెనీ స్పిరులినా అనే నాచును పెంచడం మీద పడింది. ఆహారంగా మొదలైన ఆ నాచులో నీలం రంగుంది. ఇప్పుడది మిఠాయిల్లో, ఐస్‌క్రీముల్లో తినదగిన నీలంగా వాడుకలో ఉంది. కాగితం కోసం నీలం చేసిన చేతులే తినడానికీ నీలం చేశాయి.

తినే వస్తువు మాట వచ్చింది కాబట్టి మనకు దగ్గరి సంగతి ఒకటి. దినపత్రిక చదివాక వేళ్లు నల్లబడటం అందరికీ అనుభవమే. పత్రికల సిరా చాలావరకు ఆరదు, అందులోని నూనె కాగితంలోకి ఇంకుతుంది, అంతే. అందుకే పై రంగు చేతికి అంటుతుంది. వేడి బజ్జీల నూనె తగిలితే ఇక చెప్పేదేముంది, రంగూ రసాయనాలూ నేరుగా తిండిలోకి దిగుతాయి. పత్రిక కాగితంలో తినుబండారాలు పొట్లం కట్టకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉన్నా, మన వీధి బళ్ల మీద ఆ కాగితం ఇంకా పోలేదు. చిప్సు, బిస్కెట్ ప్యాకెట్ల మీది సిరాల్లోనూ టోల్యూన్ అనే ద్రావకం వాడకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. పత్రికలు తగ్గుతున్న ఈ రోజుల్లో సిరా కంపెనీలకు ప్యాకెట్లే పెద్ద గిరాకీ. డీఐసీ ఇండియా గుజరాత్‌లోని సాయఖాలో కట్టిన కొత్త ఫ్యాక్టరీ టోల్యూన్ లేని ప్యాకింగ్ సిరాల కోసమే.