మార్లవాయి శిక్షణ కేంద్రం: మన పెద్దలు పని నేర్చుకున్న తీరు



యువత ఉపాధి, నైపుణ్యాల గురించి నాలుగు మాటలు రాయమని సంఘం పెద్దలు అడిగారు. మేము ఇరవై ఏళ్ళకు పైగా వసతి గృహాల్లో పిల్లల మధ్యే గడిపినవాళ్ళం. ప్రతి వేసవిలో పాత పిల్లలు ఎవరో ఒకరు వచ్చి వరండాలో కూర్చుంటారు. "ఇంటర్ పోయింది మేడమ్, ఇప్పుడు నేర్చుకునే వయసా నాది?" అంటారు. అడిగినవాళ్ళకు ఇరవై రెండేళ్ళు నిండి ఉండవు. ఆ మాట విన్నప్పుడల్లా మాకు మార్లవాయి గుర్తొస్తుంది. అందుకే ఉద్యోగ ప్రకటనల గురించి కాకుండా, మన జిల్లాలోనే ఎనభై ఏళ్ళ కిందట నడిచిన ఒక బడి గురించి రాస్తున్నాం.

జోడేఘాట్‌లో కుమురం భీం 1940లో నేలకొరిగాడని మీ అందరికీ తెలుసు. ఆ పోరాటం ఎందుకు వచ్చిందో కూడా తెలుసు. అడవికి హద్దులు గీశారు, పోడు ఆపారు, పశువులు మేపితే పన్ను అడిగారు. వీటితో పాటు ఇంకో సంగతి ఉంది, దాని గురించి తక్కువగా చెప్పుకుంటాం. భూమి దున్నింది మనవాళ్ళు. దాని కాగితం మాత్రం ఎప్పుడూ ఇంకొకరి చేతిలో ఉండేది. సర్కారు కచేరీలో ఉర్దూ నడిచేది, మన ప్రాంతపు లెక్కల్లో మరాఠీ ఉండేది, మన ఇళ్ళలో గోండి. పట్టా ఎవరి పేరున ఎక్కిందో చదివి చెప్పగలిగిన మనిషి ఊళ్ళో లేకపోతే, దున్నిన భూమి పోయిందని తెలిసేసరికే ఆలస్యమైపోయేది.

భీం చనిపోయాక, ఈ అలజడికి కారణాలేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం అనుకుంది. ఆ పని ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చేశాడు. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకుని మనవాళ్ళ మధ్యే ఉన్నారు. భూములకు పట్టాలు ఇవ్వాలని, మన పిల్లలకు మన భాషలో బడులు పెట్టాలని సిఫారసులు వెళ్ళాయి. పట్టాల కథ పెద్దది, అది ఇంకెవరైనా రాస్తే బాగుంటుంది. మేము బడి సంగతికి వస్తాం.

బడులు పెట్టాలంటే పంతుళ్ళు కావాలి. పంతులు కాగలిగినంత చదువుకున్న గోండు జిల్లాలో దొరకలేదు. బయటి నుంచి తెస్తే వాళ్ళకు గోండి రాదు, అడవి ఊళ్ళో నిలవరు. అప్పుడు చేసిన పని చూడండి. మరాఠీ అక్షరాలు కాస్తో కూస్తో కూడబలుక్కుని చదవగలిగిన పెద్దవాళ్ళను కొందరిని ఏరి, 1943లో మార్లవాయిలో కూర్చోబెట్టి శిక్షణ మొదలుపెట్టారు. బడి ఈడు ఎప్పుడో దాటినవాళ్ళు వాళ్ళు. గోండిలో చదవడానికి పుస్తకమే లేదు కాబట్టి, దేవనాగరి అక్షరాలతో గోండి వాచకాలు తయారు చేశారు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకు పంతుళ్ళుగా వెళ్ళి పిల్లలకు గోండిలోనే ఓనమాలు దిద్దించారు.

మేము టీచర్ ట్రైనింగ్ చదివిన రోజుల్లో రూసో గురించి రాశాం, ఫ్రోబెల్ గురించి రాశాం, మాంటిస్సోరి గురించి మార్కుల కోసం రెండు పేజీలు బట్టీ పట్టాం. బస్సెక్కితే చేరుకునేంత దూరంలో ఉన్న మార్లవాయి గురించి ఒక్క వాక్యం కూడా మా పుస్తకాల్లో లేదు. ఉద్యోగంలో చేరిన తర్వాత ఊరి పెద్దల నోట విన్నాం. ఆ కోపం మాకు ఇంకా పోలేదు.

మార్లవాయిలో చదివినవాళ్ళు అందరూ పంతుళ్ళుగానే మిగిలిపోలేదు. కొందరు పట్వారీలయ్యారు, కొందరు గుమాస్తాలయ్యారు, కొందరు అటవీ శాఖలో చేరారు. ఏ కాగితం ముందు తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడో, ఆ కాగితాన్ని మనవాడే రాసే రోజు వచ్చిందన్నమాట. అక్కడి చదువు కుదురుకోవడానికి కారణం ఇదే అని మాకు అనిపిస్తుంది. నేర్చుకున్న పనికి అవతల ఊరు ఎదురుచూస్తూ ఉంది. పంతులు కావాలి, లెక్క రాసేవాడు కావాలి, అర్జీ చదివి చెప్పేవాడు కావాలి. ముందు అవసరం, తర్వాత శిక్షణ.

ఇప్పుడు తలకిందులుగా నడుస్తోంది. మా తప్పు ఒకటి చెప్పుకుంటాం. కొన్నేళ్ళ కిందట మా దగ్గర చదివిన ఒక అమ్మాయిని పట్నంలో మూడు నెలల కుట్టు శిక్షణకు మేమే నచ్చజెప్పి పంపించాం. సర్టిఫికెట్ తెచ్చుకుంది, ఫొటో కూడా దిగాం. ఊళ్ళో ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలు పట్టుకుని వస్తే ఏడుపు మొహం పెట్టింది. ఆ మూడు నెలలూ కరెంటు మిషన్ మీద చొక్కా కాలర్ కుట్టడం ఒక్కటే నేర్పారట. ఫ్యాక్టరీలో వరసగా కూర్చునే పనికి అది చాలు, ఊరికి చాలదు. పంపేముందు ఏం నేర్పుతారని మేము అడగలేదు. చివరికి ఆ పిల్ల సంతలో మిషన్ పెట్టుకునే ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, ఆమెకు హుక్కులు కుట్టిపెడుతూ జాకెట్టు కత్తిరించడం నేర్చుకుంది. దానికి సర్టిఫికెట్ లేదు. ఇల్లు మాత్రం దానితోనే గడుస్తోంది.

తిరిగి చరిత్రకు వద్దాం. 1956లో రాష్ట్రాల విభజన జరిగింది. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజూరా తాలూకాలు అటు వెళ్ళాయి, మనం ఇటు మిగిలాం. వియ్యంకులు ఒక రాష్ట్రం, మనం ఒక రాష్ట్రం అయ్యాం. ఇటువైపు బడులు తెలుగులోకి మారాయి. మరాఠీ అక్షరాలతో పంతుళ్ళైనవాళ్ళు నడివయసులో మళ్ళీ తెలుగు అక్షరాలు దిద్దుకోవాల్సి వచ్చింది. జీవితాంతం నేర్చుకోవడం అని ఇప్పుడు ఉపన్యాసాల్లో వింటున్నాం కదా, వాళ్ళు చేసింది అదే. నష్టం ఎక్కడ జరిగిందంటే, గోండి వాచకాలు మూలన పడ్డాయి. ఇప్పటికీ మా హాస్టల్లో కొత్తగా చేరిన పిల్ల "ఏర్" అని అడిగితే, గోండి రాని టీచర్ ఏరు చూడాలంటోందేమో అనుకుంటుంది. పాపం, ఆ పిల్ల అడిగేది తాగడానికి నీళ్ళు.

హద్దులు గీసినంత మాత్రాన మనుషులు తెగిపోలేదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు ఇప్పటికీ మహారాష్ట్ర నుంచి కూడా వస్తారు. పనులూ అంతే, ఒక తెగ చేసింది ఇంకో తెగ ఇంట్లో ఉంటుంది. మార్లవాయి ఉన్న జైనూర్ మండలంలోనే ఉషేగాం ఉంది. అక్కడి ఓజాలు పోతపోసే ఇత్తడి దేవతామూర్తులు, గజ్జెలు తరతరాలుగా గోండుల పూజకు, ఆటకు అందాయి. మట్టి దిమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి, కాల్చి, కరిగిన మైనం ఖాళీ చేసిన చోట ఇత్తడి పోస్తారు. ఒక అచ్చు ఒక్కసారికే పనికొస్తుంది, పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చింది సరే, కొలిమి దగ్గర కూర్చునే కుర్రవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి వెళ్ళి చూడండి. గుస్సాడి సంగతి కొంత నయం. మార్లవాయికే చెందిన కనక రాజు గారు ఎందరికో ఆట నేర్పారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇక గుంజాల. నార్నూర్ మండలంలోని ఈ ఊళ్ళో గోండి లిపిలో రాసిన పాత పుస్తకాలు ఉన్నాయని 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వెలుగులోకి తెచ్చింది. వాటిని చదవగలిగినవాళ్ళు ఊళ్ళో కొద్దిమంది వృద్ధులే. ఆ ముసలివాళ్ళే పంతుళ్ళయ్యారు, కుర్రవాళ్ళు, చదువుకున్న ఆచార్యులు వాళ్ళ ముందు కూర్చున్నారు. ఆ అక్షరాలకు ఫాంటు తయారైంది, 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఫోనులో రాసుకోవచ్చు. అంతకు ఏడాది ముందే మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగల్ సింగ్ మసారం 1918లో రూపొందించిన లిపి కూడా చేరింది. ఏ లిపి మనది అని వాట్సాప్ గ్రూపుల్లో కొట్లాడుకుంటున్నారని విన్నాం. కొట్లాడండి, తప్పు లేదు, కానీ ముందు ఒకటైనా నేర్చుకుని కొట్లాడండి.

మాకు ఎక్కువ నచ్చింది ఆ తర్వాతి పని. 2014 నుంచి పలు రాష్ట్రాల గోండులు ఒకచోట కూర్చుంటూ వచ్చారు. ఒక్కో రాష్ట్రంలో గోండిలోకి అక్కడి పెద్ద భాష దూరింది. తెలుగు కలిసిన గోండి, మరాఠీ కలిసిన గోండి, హిందీ కలిసిన గోండి. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. ఒక్కో మాట తీసుకుని, మా దగ్గర ఇలా అంటాం, మీ దగ్గర ఎలా అంటారు అని వాదించుకుని, 2018లో అందరికీ పనికొచ్చే నిఘంటువు తెచ్చారు. అందులో రైతులున్నారు, పంతుళ్ళున్నారు. అనువాదం చేయాలన్నా, రేడియోలో మాట్లాడాలన్నా, పిల్లల వాచకం రాయాలన్నా ఇలాంటి పని చేసినవాళ్ళే కావాలి. ఇది కూడా ఉపాధే, తమ్ముళ్ళారా.

మా వంట పెద్దమ్మది కొలాం కుటుంబం. మూడో తరగతి పిల్లల దగ్గర సంతకం నేర్చుకుంది. ఇప్పుడు సరుకుల బస్తాల మీద రాసింది చదివి, తూకం తక్కువైతే మమ్మల్ని పిలుస్తుంది. బదులుగా ఆ పిల్లలకు ఏ ఆకు ఏ నెలలో తినాలో చెబుతుంది.

బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న కన్నుమూశారు, ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995లో పోయిన హైమన్‌డార్ఫ్ సమాధి కూడా ఆమె పక్కనే. ఏటా జనవరి 11న అక్కడ జనం చేరతారు. ఈసారి మా హాస్టల్ పిల్లలతో మేమూ వెళ్తున్నాం. మీరూ రండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో పని తెలిసిన అవ్వనో తాతనో వెంట తీసుకురండి. బుట్ట అల్లేవారైనా సరే, డోలు బిగించేవారైనా సరే. మేము నోటు పుస్తకాలు తెస్తాం.