కొట్టని దరువుకూ వాటా

1973 నవంబర్ 23 రాత్రి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సర్ట్‌హెబౌ. 1888 నుంచి సింఫనీలకు పేరుపడ్డ ఆ మందిరంలో ఇవాళ రాక్ కచేరీ.

కాసేపటి క్రితం ‘ఫ్రాక్చర్’ అనే రచనతో హాలు దద్దరిల్లింది. ఇప్పుడు వేదిక మీద ఒక సన్నని నాదం మొదలైంది. రాసుకున్నది కాదు, సాధన చేసి తెచ్చుకున్నదీ కాదు. డేవిడ్ క్రాస్ వయొలిన్, జాన్ వెట్టన్ బేస్ గిటార్ ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. రాబర్ట్ ఫ్రిప్ గిటార్ వదిలి మెలోట్రాన్ ముందుకొచ్చాడు. ఆ వాద్యంలో ఒక్కో మీట కిందా ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మీట నొక్కితే అందులో దాచిన స్వరం ఎనిమిది సెకన్లపాటు పలుకుతుంది. ఫ్రిప్ నొక్కాడు. వేణునాదం లేచింది.

మిగిలింది డ్రమ్మర్ బిల్ బ్రుఫోర్డ్. ‘యెస్’ బృందం మంచి ఊపు మీద ఉండగా గత ఏడాదే దాన్ని వదిలి ఇటు వచ్చినవాడు. ఇక దరువు అందుకోవాల్సింది అతనే. అందుకోలేదు. కర్రలు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. నిమిషం గడిచింది. రెండు, మూడు, ఐదు... ఒక్క దెబ్బ పడలేదు.

కచేరీని పడుతున్న టేపు తిరుగుతూనే ఉంది.

మన కచేరీల్లో ఆలాపన సాగుతుంటే మృదంగం ఊరకుండటం సంప్రదాయం. రాక్ సంగీతంలో అలాంటి కట్టుబాటు లేదు. అక్కడ డ్రమ్మర్ చేతులు ముడుచుకుంటే అది అతని సొంత నిర్ణయం. ఆ నిర్ణయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఈ నలుగురి బృందం, కింగ్ క్రిమ్సన్ కథలో వెనక్కి వెళ్లాలి.

*

1969 జనవరి 13న లండన్ ఫుల్హమ్ ప్యాలెస్ రోడ్డులో, ఒక కెఫే కింది నేలమాళిగలో ఆ బృందం సాధన మొదలుపెట్టింది. జూలై 5న హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ కచేరీకి ముందు, లక్షల జనం ఎదుట వాయించింది. అక్టోబర్‌లో తొలి ఆల్బమ్ వచ్చింది. డిసెంబర్‌లో, అమెరికా యాత్ర నడుస్తుండగానే బృందంలోని ఇయాన్ మెక్‌డొనాల్డ్, మైఖేల్ గైల్స్ వెళ్లిపోతామన్నారు. కావాలంటే తానే తప్పుకుంటానని, బృందం మాత్రం నిలవాలని ఫ్రిప్ అన్నాడు. ఫలితం లేకపోయింది. కొన్నాళ్లకు గాయకుడు గ్రెగ్ లేక్ కూడా వెళ్లిపోయాడు.

1972లో మరో జట్టు. అప్పటికే లోలోపల విడిపోయి, ఒప్పుకున్న యాత్ర కోసం అమెరికా తిరుగుతున్న జట్టు అది. కచేరీలను మామూలు క్యాసెట్ మీద పట్టారు. డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌లో వాన కురుస్తుండగా, వ్యాన్ వెనక నుంచి రికార్డు చేశారు. వాటితో వచ్చిన ‘ఎర్త్‌బౌండ్’ ఆల్బమ్ ధ్వని నాసిగా ఉందని అట్లాంటిక్ కంపెనీ దాన్ని అమెరికాలో విడుదల చెయ్యనంది. ఆ గరుకుదనం లోపల నలుగురు మనుషులు ప్రాణం పెట్టి వాయిస్తున్న సంగతి ఇప్పటికీ వినిపిస్తుంది.

అదే ఏడాది ఫ్రిప్ మళ్లీ మొదటి నుంచి కట్టాడు. వెట్టన్, క్రాస్, బ్రుఫోర్డ్, వారితో జేమీ మ్యూర్. మ్యూర్ గొలుసులూ రేకులూ దొరికిన ప్రతిదాన్నీ వాద్యం చేసుకునేవాడు. 1973 మొదట్లో హఠాత్తుగా అన్నీ వదిలి స్కాట్లాండ్‌లోని బౌద్ధ మఠానికి వెళ్లిపోయాడు. బృందంలో ఉన్నది కొద్ది నెలలే. కానీ సంగీతం ఉన్నది మన కోసం కాదని, మనమే దాని సేవకు ఉన్నామని అతని దగ్గర నేర్చుకున్నట్లు బ్రుఫోర్డ్ తరువాత చెప్పుకున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కర్రలు ఛాతీ మీద నిలిచింది ఆ పాఠం వల్లనే అని నా నమ్మకం.

*

1974 జనవరి. లండన్ ఎయిర్ స్టూడియోస్. కొత్త ఆల్బమ్ కావాలి, చేతిలో పాటలు చాలవు. యాత్రలో పట్టిన టేపులు తీశారు. పూర్తిగా స్టూడియోలో తయారైనవి రెండే పాటలు. మిగతా భాగం చాలావరకు వేదికల మీద పుట్టిందే. చప్పట్లు తీసేశారు. ఆ మార్చిలో ‘స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్’ కొన్నవారిలో చాలామంది అది స్టూడియో పనే అనుకున్నారు. రెంబ్రాంట్ చిత్రం మీద కట్టిన ‘ది నైట్ వాచ్’ పాట ఆరంభం కూడా ఆమ్‌స్టర్‌డామ్ కచేరీదే. ఆ చిత్రం ఉన్న రైక్స్ మ్యూజియం, పాట వాయించిన మందిరం ఒకే మైదానానికి అటూ ఇటూ ఉన్నాయి.

ఆ రాత్రి డ్రమ్స్ లేకుండా సాగిన ముక్కకు ‘ట్రియో’ అని పేరు పెట్టారు. పేరులో ముగ్గురే. స్వరకర్తలుగా మాత్రం నలుగురి పేర్లూ వేశారు. కొట్టకుండా నిగ్రహించుకోవడమూ సృష్టిలో భాగమేనని బ్రుఫోర్డ్‌కూ వాటా ఇచ్చారు.

1974 జూలై 1న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆ జట్టు చివరిసారి వాయించింది. హోరు పెరిగిపోయి వయొలిన్ వినపడని చోట క్రాస్‌కు తావు లేకపోయింది. సెప్టెంబర్‌లో ఫ్రిప్ బృందాన్నే రద్దు చేశాడు. మరుసటి ఏడు వచ్చిన ‘యు.ఎస్.ఎ.’ కచేరీ ఆల్బమ్‌లో కొన్నిచోట్ల క్రాస్ వాయించింది తీసి, ఎడ్డీ జాబ్సన్ వయొలిన్ చేర్చారు. ఏళ్లు గడిచాక, 1992లో ఆ జట్టు కచేరీలతో నాలుగు సీడీల ‘ది గ్రేట్ డిసీవర్’ వచ్చింది. 1997లో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీ చప్పట్లతో సహా బయటికొచ్చింది. విడిపోయిన నలుగురూ తమలో తాము ఎంతగా విన్నారో లోకానికి అప్పుడు తెలిసింది.

కచేరీ రికార్డింగులను పాటలకు నకళ్లుగా చూడటం అన్యాయం. మనోధర్మంతో సాగే సంగీతానికి అవే అసలు ప్రతులు. 1974 జనవరిలో ‘ట్రియో’కు దరువు చేర్చడానికి స్టూడియో ఉంది, సమయం ఉంది, డ్రమ్మర్ పక్కనే ఉన్నాడు. చేర్చలేదు. ఆ రాత్రి బ్రుఫోర్డ్ తీసుకున్న నిర్ణయాన్ని మిగతా ముగ్గురూ గౌరవించారు. ఎన్నిసార్లు చీలినా కింగ్ క్రిమ్సన్ గొప్ప బృందం అనడానికి నాకు ఆ ఒక్క ఆధారం చాలు.